గని మేనేజర్ పరీక్షకు బిట్లు ఎక్కడ చేయాలి: పుస్తకంలోనా, ఫోనులోనా, పక్క క్వార్టర్‌లోనా?

ముందుగా ఒక బిట్టు చూడండి.

ఒక భూగర్భ గనిలోని వెంటిలేషన్ డిస్ట్రిక్టులో, అంటే గాలి విడిగా వచ్చి పోయే ఒక భాగంలో, ఎక్కువమంది దిగే షిఫ్టులో 80 మంది పనిచేస్తారు. రోజుకు 300 టన్నుల బొగ్గు వస్తుంది. ఆ డిస్ట్రిక్టుకు నిమిషానికి కనీసం ఎంత గాలి అందాలి? జవాబులు నాలుగు: 480, 615, 750, 1,230 ఘనమీటర్లు.

2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌, అంటే బొగ్గుగనుల నియమావళిలో 153వ నియమం దీని సంగతి చెబుతుంది. మనిషికి నిమిషానికి 6 ఘనమీటర్లు, లేదా రోజువారీ ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనమీటర్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మనుషుల లెక్కన 480, టన్నుల లెక్కన 750. కాబట్టి జవాబు 750. మిగతా మూడు అంకెలు గాలివాటుగా వచ్చినవి కావు. మనుషుల లెక్కతోనే ఆగిపోయినవాడి కోసం 480 పెట్టారు. రెండూ కలపాలనుకున్నవాడి కోసం 1,230. రెంటికీ సగటు తీసే తెలివిమంతుడి కోసం 615. ప్రశ్న తయారుచేసినవాడు మనం ఎక్కడ జారతామో ముందే చూసుకుని సరిగ్గా అక్కడే గుంత తవ్విపెట్టాడు.

ఈ ఒక్క బిట్టును అయిదు చోట్ల అయిదు రకాలుగా చేయవచ్చు. ఏ చోట చేస్తే ఎంత లాభమో చెప్పడమే నా పని.

నేను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ వాడిని. మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి బొగ్గుబావిలో చేరాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బావిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు: మా క్వార్టర్లలో పెరిగినవారి చదువు ఇలాగే నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఓవర్‌మ్యాన్‌గా, అంటే షిఫ్టులో గని పనిని పర్యవేక్షించే ఉద్యోగిగా, షిఫ్టులు చేస్తూ సెకండ్‌క్లాస్ మేనేజర్ పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. అప్పటినుంచి ఘుగ్గుస్ నుంచి, రాజురా నుంచి, అటు సిరొంచ నుంచి కూడా కుర్రవాళ్లు ఫోను చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ బిట్ బ్యాంకు కొనమంటారు?"

తెలియనివారికి రెండు మాటలు. గనిని నడపాలంటే ఇంజినీరింగ్ పట్టా ఒక్కటే చాలదు. ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీఎంఎస్ అని పిలిచే సంస్థ, పరీక్ష పెట్టి సామర్థ్య ధ్రువపత్రం ఇవ్వాలి. ఫస్ట్‌క్లాస్, సెకండ్‌క్లాస్ మేనేజర్ పరీక్షల్లో గని నిర్వహణ, చట్టం, భద్రత ఒక పేపరు. వెంటిలేషన్, పేలుళ్లు, మంటలు, నీటి ముంపు మరొకటి. బొగ్గు తీసే పద్ధతులు, యంత్రాలు, సర్వే మిగతావి. ఒకప్పుడు పేజీలకు పేజీలు రాసే పరీక్ష, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని బిట్లు పెట్టే పరీక్ష అయింది. గ్యాసు పరీక్ష ధ్రువపత్రం, ప్రథమచికిత్స ధ్రువపత్రం కూడా ఉండాలి. వాటి ఊసు ఇక్కడ ఎత్తను.

ఏ బిట్ బ్యాంకు కొనాలన్న ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. తిరిగి ఒకటి అడుగుతాను: ఏ పేపరుకు? ఎందుకంటే చట్టం పేపరుకు పనికొచ్చే సాధన వెంటిలేషన్ లెక్కలకు పనికిరాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే నాకు ఒక ఏడాది పోయింది.

పుస్తకం

అచ్చు పుస్తకంగా దొరికే బిట్ బ్యాంకులు చంద్రపూర్, నాగపూర్ దుకాణాల్లోనూ పోస్టులోనూ వస్తాయి. వాటి మంచి గుణం చెప్పాలంటే, రాత్రి షిఫ్టు దిగి వచ్చి కళ్లు మండుతున్నప్పుడు కూడా చదవగలం. మే నెలలో చంద్రపూర్ ఎండ 46 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కరెంటు పోయినా పుస్తకం వేడెక్కి ఆగిపోదు. పెన్సిలుతో గీతలు గీయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, జవాబులను మూసిపెట్టవచ్చు.

దీని గురించి కాస్త ఆగి చెబుతాను. నాలుగు జవాబులు కనబడుతుంటే మన బుర్ర వాటిలో చూసిన మొహాన్ని గుర్తుపడుతుంది. 750 కనబడగానే "ఆ, ఇదే" అనిపిస్తుంది. చూడకుండా చెప్పమంటే నోరు పెగలదు. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. పరీక్షలో అంకెలు మార్చి 65 మంది, 200 టన్నులు అన్నారనుకోండి. అప్పుడు 390, 500 అని లెక్క వేయగలిగేది గుర్తుతెచ్చుకున్నవాడే. అందుకే నేను స్టీలు స్కేలు ఒకటి పెట్టుకుని నాలుగు జవాబులనూ కప్పేసి, నా జవాబు పక్కన పెన్సిలుతో రాసి, తర్వాతే స్కేలు జరిపేవాణ్ని. నేను రాసిన అంకె ఆ నాలుగింటిలో లేకపోతే ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పలేను. ఆ సిగ్గు వల్ల వచ్చిన చదువు మాత్రం పోలేదు. రోజుకు 200 బిట్లు గబగబా చేయడం కన్నా ఇలా 40 చేయడం మేలు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు 200 చేయడమే.

పుస్తకం చెడు గుణం ఒకటే, కానీ అది ప్రాణం తీస్తుంది: అచ్చయ్యాక అది మారదు, చట్టం మారుతుంది. 1957 నాటి రెగ్యులేషన్స్ పోయి 2017లో కొత్తవి వచ్చాయి. సంఖ్యలన్నీ కదిలిపోయాయి. ఉపరితల గనుల పని గురించి చెప్పే నియమం పాతదాంట్లో 98, కొత్తదాంట్లో 106. నేను మొదటిసారి కొన్న పుస్తకం అట్ట మీద కొత్త ఏడాది ముద్రించారు, లోపల పాత సరుకే ఉంది. పేరెందుకు గానీ, అట్ట మాత్రం చాలా అందంగా ఉండేది. పరీక్షలో ఆ నియమం సంఖ్య అడిగినప్పుడు తెర మీద 98, 106 రెండూ ఉన్నాయి. ఏమాత్రం అనుమానం లేకుండా 98 నొక్కాను. తెలియక తప్పు పెట్టడం ఒక బాధ, బాగా తెలుసనుకుని తప్పు పెట్టడం ఇంకో బాధ.

ఇప్పుడు మరో మలుపు వచ్చింది. 2025 నవంబరు 21న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అది 2020లో పార్లమెంటు ఆమోదించినది. 1952 గనుల చట్టం అందులో కలిసిపోయింది. పాత చట్టం సెక్షన్ల సంఖ్యలను పొల్లుపోకుండా వల్లించినవారు ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. మీ పరీక్ష ప్రకటనలో సిలబస్ కింద ఏ చట్టం పేరు, ఏ నియమావళి పేరు రాశారో అదే మీకు ప్రమాణం. దాన్ని కత్తిరించి పుస్తకం లోపలి అట్టకు అంటించుకోండి. తర్వాతే మొదటి బిట్టు ముట్టండి.

ఫోను

ఫోను యాప్‌లు, ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్‌లు నాకు మొదట్లో నచ్చలేదు. వయసు వల్ల వచ్చిన అయిష్టం కొంత ఉందని ఒప్పుకుంటాను. కానీ రెండు పనులు ఫోను చేసినంత బాగా పుస్తకం చేయలేదు.

మొదటిది గడియారం. పుస్తకంలో ఒక బిట్టు దగ్గర పావుగంట కూర్చున్నా ఎవరూ అడగరు. పరీక్షలో తెర మూలన సమయం కరిగిపోతుంటుంది. సర్వే పేపరులో ఒక లెవెలింగ్ లెక్క పట్టుకుని వదలనివాడు చివరి 15 సులువైన బిట్లు చూడకుండానే బయటికి వస్తాడు. ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవాలంటే గడియారం పెట్టి పూర్తి నిడివి పరీక్ష రాయడమే దారి. రెండోది కలగాపులగం. పుస్తకంలో వెంటిలేషన్ అధ్యాయం తెరిస్తే వచ్చేది వెంటిలేషన్ బిట్టే అని ముందే తెలుసు. సగం జవాబు ఆ తెలియడంలోనే ఉంది. యాప్ ఫ్యాను గురించి అడిగి, వెంటనే తాడు గురించి, ఆపైన మీథేన్ గురించి అడుగుతుంది. పరీక్ష కూడా అంతే.

లెక్కల పేపర్లకు ఫోను ఇంకో విధంగా మంచిది. ఉదాహరణకు, గనిలో గాలి పరిమాణాన్ని రెట్టింపు చేయాలంటే పీడనం నాలుగు రెట్లు, శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఈ ఒక్క సంబంధం మీద అంకెలు మార్చి 30 బిట్లు అడగవచ్చు. ఒకటిన్నర రెట్లు పెంచితే శక్తి ఎంత? మూడు రెట్లు దాటి, 3.375. ఇలాంటివి బస్సులో నిలబడి కూడా చేయవచ్చు. బల్లార్‌పూర్ నుంచి వార్ధా వంతెన దాటి రాజురా వైపు గనికి వెళ్లే దారిలో నేను రోజుకు పది చేసేవాణ్ని. లెక్క అలవాటైతే చేతికి పదును వస్తుంది, చదవాల్సిన అవసరం తగ్గుతుంది.

చట్టం పేపరుకు మాత్రం ఫోనును నమ్మను. యాప్‌లో వివరణ ఒక్క వాక్యం ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. "సరైన జవాబు 0.75" అని పచ్చగా చూపించి ముందుకు తోస్తుంది. మీథేన్ 0.75 శాతం ఎక్కడి పరిమితి? డిస్ట్రిక్టు నుంచి తిరిగి బయటికి వెళ్లే గాలిలో. గనిలో ఏ చోటైనా దాటకూడని అంకె 1.25. రెండు అంకెలూ ఒకే నియమంలో పక్కపక్కనే ఉంటాయి. మూలం చదివినవాడికి ఆ రెండు కలిసే కనబడతాయి. యాప్‌లో చేసినవాడికి ఒక రోజు ఒకటి, మరో వారం ఇంకొకటి విడివిడిగా తగులుతాయి. ప్రశ్నలో "రిటర్న్ గాలిలో" అన్న మాట మీద కన్ను పడకపోతే అంతే సంగతి.

ఫోనులో చేసేవారికి ఒక చిన్న ఉపాయం: తెర కింది సగాన్ని పాత జీతం చీటీ మడిచి కప్పండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఉచిత ఫైళ్లు

గ్రూపుల్లో తిరిగే ఫైళ్ల గురించి ఎక్కువ చెప్పను. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలను రాసి పంపుతారు. సింగరేణి వైపు గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి మిత్రుల నుంచి ఇటు చాలా వస్తాయి. ప్రశ్నలు ఏ తీరున అడుగుతున్నారో తెలియడానికి అవి బాగుంటాయి. జవాబులు మాత్రం ఎవరి నమ్మకం వారిది. మన మొదటి బిట్టునే అలాంటి ఒక ఫైలులో చూశాను. జవాబు దగ్గర 1,230కి గుర్తు పెట్టి ఉంది. "ఏది ఎక్కువైతే అది" అన్న ముక్క ఎవరో మరిచిపోయారు, ఆ మరుపు వందల ఫోన్లకు పాకింది. కాబట్టి ప్రశ్న తీసుకోండి, జవాబు చెరిపేయండి. జవాబు మీరే వెతికి రాసుకుంటే ఆ ఫైలు బంగారమే.

కోచింగ్

సెలవు దొరికి, డబ్బు ఉండి, చదువు వదిలి చాలా ఏళ్లయినవారికి కోచింగ్ మంచిదే. పాలిటెక్నిక్ నుంచి నిన్నగాక మొన్న వచ్చి ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రవాడికి అవసరం లేదు. నడుమ ఉన్నవారు యంత్రాలు, సర్వే పేపర్లకు మాత్రం ఆన్‌లైన్ పాఠాలు కొనుక్కుంటే సరిపోతుంది. ఊరు కాని ఊళ్లో గది తీసుకుని మూడు నెలలు ఉండి, తిరిగి వచ్చేసరికి ఇంటి అప్పుతో పాటు బిట్లూ మిగిలిపోయినవారిని చూశాను.

పక్క క్వార్టర్

ఇక అసలు సంగతి. దీనికి ఖర్చు లేదు కాబట్టి దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

నేను రెండోసారి రాసినప్పుడు మేము ముగ్గురం. నేను భూగర్భ గనిలో ఓవర్‌మ్యాన్, ఇంకొకతను ఉపరితల గనిలో షవెల్ అనే తవ్వే యంత్రం దగ్గర పనిచేసేవాడు, మూడో అతను సర్వే విభాగం. ముగ్గురి షిఫ్టులూ కలిసే రోజు వారానికి ఒక్కటే. ఆ రోజు సాయంత్రం మా వరండాలో కూర్చునేవాళ్లం. నియమం ఏమిటంటే, ఎవరూ బిట్లు జవాబు చెప్పకూడదు, బిట్లు తయారుచేసి తీసుకురావాలి. ఒక్కొక్కరు పది. నియమావళిలో ఒక పేజీ తీసుకుని, నిజమైన జవాబు ఒకటి, నమ్మదగిన తప్పు జవాబులు మూడు రాయాలి.

ఆ మూడు తప్పు జవాబులు రాయడంలోనే చదువంతా ఉందని నాకు అక్కడ తెలిసింది. సరైన జవాబు పుస్తకంలో ఉంటుంది. తప్పు జవాబు ఎవరైనా నమ్మేలా ఉండాలంటే, మనిషి ఎక్కడ పొరబడతాడో మనం ఆలోచించాలి. ఉష్ణోగ్రత మీద ఒక బిట్టు తయారుచేశాను: పనిచేసే చోట వెట్ బల్బ్ ఉష్ణోగ్రత ఎంత దాటకూడదు? జవాబు 33.5 డిగ్రీలు. 30.5 దాటితే గాలి వేగం సెకనుకు కనీసం ఒక మీటరు ఉండాలి. కాబట్టి మొదటి తప్పు జవాబుగా 30.5 పెట్టాను. సర్వే అతను దాన్నే పట్టుకున్నాడు. తర్వాత షవెల్ అతను అడిగాడు: "అన్నా, మన ఎండాకాలంలో బయటే 46 ఉంటుంది కదా, మరి 33.5 ఎలా కుదురుతుంది?" మంచి ప్రశ్న. బయట మనం చెప్పుకునేది డ్రై బల్బ్. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది వేరు. గాలి పొడిగా ఉంటే అది చాలా తక్కువ చూపిస్తుంది. ఆ సాయంత్రం తడిగుడ్డ సంగతి మా ముగ్గురికీ ఒంటబట్టింది. నాలుగో జవాబుగా ఎవరైనా 46 పెడితే మేము నవ్వుకునేవాళ్లం.

ఇంకో ఉదాహరణ. పాడుబడిన పనుల, అంటే వదిలేసిన పాత తవ్వకాల, దగ్గరికి ఎంత దూరం వరకు అనుమతి లేకుండా పోకూడదు? 60 మీటర్లు. ఈ అంకెను ఎన్నిసార్లు చదివినా మరిచిపోయేవాణ్ని. షవెల్ అతని మేనమామ ధన్‌బాద్ వైపు పనిచేసి వచ్చిన మనిషి. ఒక రోజు ఆయన వరండాలో కూర్చుని చాస్‌నాలా సంగతి చెప్పాడు. 1975 డిసెంబరు 27న ఆ గనిలోకి నీరు ముంచుకొచ్చి 375 మంది చనిపోయారు. పాత పనుల్లో నిలిచిన నీటికీ మనిషికీ మధ్య గోడ ఎందుకు ఉండాలో ఆ తర్వాత నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. 60 అన్న అంకె అప్పటినుంచి పోలేదు. బిట్ బ్యాంకు ఈ పని చేయలేదు. చట్టంలోని ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరి శవం ఉందని మా నాన్న అనేవాడు. ఆయన పరీక్షలేవీ రాయలేదు.

ముగ్గురు ఉండాలి, నలుగురికి మించకూడదు. అయిదుగురు చేరితే అది చాయ్ సమావేశం అవుతుంది. అందరూ ఒకే పేపరులో గట్టివాళ్లయితే కూడా ఉపయోగం లేదు. ఉపరితల గనికే పరిమితమైన ధ్రువపత్రానికి రాసేవారు, భూగర్భ గనికీ చెల్లే ధ్రువపత్రానికి రాసేవారు కలిసి కూర్చుంటే చట్టం, యంత్రాలు, సర్వే వరకు బాగుంటుంది. భూగర్భంలో వదిలే బొగ్గు స్తంభాలైన పిల్లర్లు, వాటి మధ్య తవ్వే దారులైన గ్యాలరీల బిట్లు వచ్చినప్పుడు ఉపరితలం వారు చాయ్ పెట్టవచ్చు.

భాష చేసే మోసం

మన సరిహద్దు పిల్లలకు మాత్రమే ఉండే ఒక చిక్కు ఇక్కడ చెప్పాలి. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇటు ఇంకా ఇళ్లలో తెలుగే. కానీ మన చదువు మరాఠీలోనో హిందీలోనో సాగింది, నియమావళి ఇంగ్లీషులో ఉంది. "మించకూడదు", "తక్కువ కాకూడదు" అన్న రెండు మాటలూ ఇంగ్లీషులో 'నాట్' అనే మొదలవుతాయి. అలసిన కంటికి రెండూ ఒకేలా కనబడతాయి. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు మించకూడదు, ఎత్తు 3 మీటర్లు మించకూడదు. గాలి మనిషికి 6 ఘనమీటర్లకు తక్కువ కాకూడదు. నేను నా పుస్తకంలో మించకూడని అంకెలకు పైన గీత, తక్కువ కాకూడని అంకెలకు కింద గీత గీసుకున్నాను. మరో జత 'షల్', 'మే'. మొదటిది తప్పనిసరి, రెండోది అధికారి ఇష్టం. ఈ తేడా మీద ఏటా బిట్లు పడతాయి.

ఇందుకోసం నా సలహా: లెక్కలు ఏ భాషలో ఆలోచించినా ఫరవాలేదు, చట్టం పేపరు మాత్రం పరీక్ష రాసే భాషలోనే సాధన చేయండి. తెలుగులో అర్థం చేసుకోండి, ఒకరికొకరు తెలుగులోనే వివరించుకోండి, బిట్టు మాత్రం ఇంగ్లీషులో పెట్టండి. హిందీ నోట్సు చదివి ఇంగ్లీషు తెర ముందు కూర్చున్న మిత్రుడు ఒకరు తనకు తెలిసిన ప్రశ్ననే పోల్చుకోలేకపోయాడు.

మరి దేన్ని ఎంచుకోవాలి?

చట్టం, వెంటిలేషన్ పేపర్లలో నియమాలకు సంబంధించిన భాగానికి: ముందు నియమావళి మూలం, తర్వాత పక్క క్వార్టర్, చివరికి పుస్తకం. మూలాన్ని డీజీఎంఎస్ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, బిట్లతో మొదలుపెట్టి మూలం దాకా రారు. వెంటిలేషన్ లెక్కలు, యంత్రాలు, సర్వేలకు: ఒక్కో సూత్రం అర్థమైన వెంటనే బిట్లలోకి దిగండి, ఫోనులోనైనా పుస్తకంలోనైనా. ఇక్కడ మూలం చదువుతూ కూర్చుంటే కాలం వృథా.

రాత్రి షిఫ్టులు ఎక్కువగా పడేవారు యాప్‌కు డబ్బు కట్టకండి, పుస్తకం కొనండి. నిద్ర లేని కళ్లతో తెర మీద చేసిన బిట్లు తెల్లారేసరికి ఉండవు. జనరల్ షిఫ్టు వారికి, ప్రయాణం ఎక్కువ ఉన్నవారికి యాప్ లాభం. సిరొంచ వంటి దూరపు ఊళ్లో ఒంటరిగా చదివేవారికి వరండా దొరకదు; వారు ఫోనులో ఇద్దరు మిత్రులను పెట్టుకుని వారానికి పది బిట్లు రాసి పంపుకోవాలి. నా మాట విని అలా చేస్తున్నవారు ఇద్దరున్నారు. ఒకరు గట్టెక్కారు, ఒకరు ఇంకా రాస్తున్నారు.

పరీక్ష తేదీకి నెల ముందు, మీ సాధన ఏదైనా సరే, వారానికి ఒక పూర్తి నిడివి టెస్టు గడియారంతో రాయండి. అంతకు ముందే మొదలుపెడితే మార్కులు చూసి దిగులు తప్ప వేరే లాభం లేదు.

ఊహించి పెట్టే జవాబుల మాట కూడా చెబుతాను, ఎందుకంటే ఏ సాధనలో అయినా ఈ అలవాటు అబ్బుతుంది. ప్రకటనలో తప్పు జవాబుకు మార్కుల కోత ఉందో లేదో ముందు చూడండి. కోత లేకపోతే ఒక్క బిట్టూ ఖాళీగా వదలకూడదు. మార్కులో మూడో వంతు కోత ఉందనుకోండి. నాలుగింటిలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు, లెక్క సున్నాకు వస్తుంది. రెండు జవాబులను కచ్చితంగా కొట్టేయగలిగితే మాత్రం సగటున మార్కులో మూడో వంతు మీదే. అందుకని సాధనలో ప్రతి బిట్టు పక్కనా "తెలుసు", "రెండిట్లో ఒకటి", "ఊహ" అని మూడు గుర్తుల్లో ఒకటి పెట్టుకోండి. ఊహతో సరైనవి మీ మార్కుల్లో కలిపేసుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటున్నారు. ఈ పని పుస్తకంలో పెన్సిలుతో సులువు, చాలా యాప్‌లలో కుదరదు. నేను పుస్తకం పక్షం అని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు.

ఇంతా విని పోయిన నెల ఘుగ్గుస్ కుర్రవాడు, "సరే అన్నా, పుస్తకమే కొంటాను, ఏదో ఒక పేరు చెప్పండి" అన్నాడు. పేరు చెప్పలేదు. దుకాణంలో నిలబడి వెంటిలేషన్ అధ్యాయం తెరవమన్నాను. మనిషికి 6, టన్నుకు 2.5 అన్న బిట్టు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. దాని జవాబు కింద వివరణ ఉందా? ఉంటే, ఏ నియమం సంఖ్య రాశారు? 153 అని ఉంటే డబ్బులు ఇచ్చేయమన్నాను. 130 అని ఉంటే అది 1957 నాటి సరుకు, అట్ట ఎంత కొత్తగా ఉన్నా తిరిగి బల్ల మీద పెట్టేయమన్నాను. వాడు చంద్రపూర్‌లో మూడు దుకాణాలు తిరిగి, సాయంత్రం నాలుగో దుకాణం నుంచి ఫోను చేశాడు: "దొరికింది అన్నా. అట్ట చిరిగి ఉంది, పది శాతం తగ్గిస్తామంటున్నారు."